క్యాలెండరు మీది వచనం, దాని వెనుక ఉత్తరం

కువైట్‌లో తెలుగువారి ఇళ్ళకు వెళితే హాలు గోడకు క్యాలెండరు ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. కొందరి ఇళ్ళలో వేంకటేశ్వరస్వామి, కొందరి ఇళ్ళలో కాబా చిత్రం, కొందరి ఇళ్ళలో నెలకొక బైబిలు వచనం. ఈ మూడవ రకం క్యాలెండర్లలో ఏదో ఒక నెలలో తరచుగా చోటు దక్కించుకునే వచనం యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వది. మీ విషయంలో నా ఆలోచనలు మేలు కోసమే, కీడు కోసం కాదు, మీకు ముందు మంచి రోజులున్నాయి అని దేవుడు చెబుతున్నట్టుగా ఉండే మాట అది. ఇఖామా రెన్యువల్ ముందు, పదవ తరగతి పరీక్షల ముందు, ఆపరేషను ముందు ఈ వచనాన్ని ఒకరికొకరు ఫోనుల్లో పంపుకోవటం చాలామందికి అలవాటు.

మా పాఠశాలలో పెద్ద తరగతి పిల్లలకు, అంటే బడిలో ఎనిమిది నుండి పది వరకు చదివేవారికి, గత సంవత్సరం రెండవ టర్మ్‌లో ఈ వచనాన్నే పాఠంగా పెట్టాం. మొదటి టర్మ్‌లో శతక పద్యాలు చదివించాం. అక్షరాలు, గుణింతాలు, వత్తులు దాటిన పిల్లలు గడగడా చదివేస్తున్నారు గాని, చదివినదాంట్లో ఏముందని అడిగితే పుస్తకంలో లేనివన్నీ చెబుతున్నారు. చదవటం వచ్చింది, చూడటం రాలేదు. అందుకని ఇంట్లో ఉన్న పుస్తకంలోంచే ఒక భాగాన్ని నిదానంగా చదివించాలనుకున్నాం. మాకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో ఉన్న ఒకే ఒక్క తెలుగు పుస్తకం బైబిలు. గోదావరి జిల్లాల నుండి, కడప వైపు నుండి వచ్చిన కుటుంబాల్లో ఇది మామూలే. శుక్రవారం కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషల ఆరాధనలతో పాటు తెలుగు ఆరాధన కూడా జరుగుతుంది. పెద్దవాళ్ళు తెలుగు బైబిలు చేతపట్టుకుని వెళతారు. పిల్లలు అదే భాగాన్ని ఫోనులో ఇంగ్లీషులో చూసుకుంటారు.

ఈ సంగతి తెలిసి రాయచోటి వైపు తండ్రి ఒకాయన వచ్చి, "ఏం సార్, మా పిల్లోనికి బైబిలు చెప్తాండారంట గదా?" అని అడిగారు. వారిది హిందూ కుటుంబం. అడగటంలో తప్పేమీ లేదు. ఇది మతబోధ కాదు, నమ్మమని గాని మానమని గాని ఎవరికీ చెప్పం, ఒక పాత ఉత్తరాన్ని ఎలా చదవాలో నేర్పుతున్నాం అని వివరించాం. ఆయన వెనుక బెంచీ మీద కూర్చుని రెండు వారాలు విన్నారు. మూడవ వారం చెయ్యి కూడా ఎత్తారు. ఆ సంగతి తరువాత చెబుతాం.

మూడు మెట్లు

బైబిలు చదివేవారిలో ఒక పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది. మొదట గమనించటం, తరువాత గ్రహించటం, ఆ తరువాత అన్వయించుకోవటం. వాక్యంలో ఏముంది? దాని అర్థం ఏమిటి? ఇప్పుడు మనమేం చేయాలి? అమెరికాలో విల్బర్ట్ వైట్ అనే అధ్యాపకుడు 1900లో స్థాపించిన శిక్షణ సంస్థలో ఇది ఒక క్రమశిక్షణగా రూపుదిద్దుకుంది. అక్కడే చదివి, అక్కడే బోధించిన రాబర్ట్ ట్రైనా 1952లో దీని మీద పాఠ్యపుస్తకం తెచ్చాడు. మన ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్ళలో సాయంత్రాలు బైబిలు చదువుకునే విద్యార్థుల బృందాలకు ఈ మూడు మాటలు బాగా పరిచయం.

అలాగని ఇది పడమటి దేశాల సొత్తని అనుకోనక్కరలేదు. శ్రవణం, మననం, నిదిధ్యాసన అన్నది మన పెద్దలు చెప్పిన వరుసే. ఒక గ్రంథ తాత్పర్యం తేల్చాలంటే దాని మొదలు, ముగింపు కలిపి చూడాలని, అందులో ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తున్నదో చూడాలని మన శాస్త్రాలు చెప్పాయి. ఖురాను వ్యాఖ్యాతలు ఏ వాక్యం ఏ సందర్భంలో అవతరించిందో ముందు విచారిస్తారు. మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడని చెప్పుకునే మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెడుతూ, మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని మాట ఇచ్చాడు. ఆ మాటను పెద్ద అక్షరాలతో రాసి ప్రతి తరగతి గోడకూ అంటించాలనిపిస్తుంది.

మా వృత్తిలోనూ ఇదే అనుభవం. ప్రోగ్రాము ఆగిపోయిందని తెలియగానే, ఎందుకు ఆగిందో నాకు తెలుసు అనేవాడిని చూస్తే మాకు భయం. ముందు లాగ్ చదవవయ్యా అంటాం. అర్థం చెప్పే తొందర, చూసే ఓపికను మింగేస్తుంది.

తెలుగులో కనిపించి ఇంగ్లీషులో కనిపించనిది

ఆ ఒక్క వచనాన్నే బోర్డు మీద రాసి, అర్థం చెప్పవద్దు, కనిపించేది మాత్రమే చెప్పండి అన్నాం. తెలుగు బైబిలులో ఆ వచనంలో "సమాధానకరమైన" అనే మాట వస్తుంది. తొమ్మిదవ తరగతి అబ్బాయి వెంటనే, "ఆన్సర్ ఇచ్చే ప్లాన్స్ అని కదా అంకుల్" అన్నాడు. వాడి తెలుగు ప్రకారం వాడు చెప్పింది సరైనదే. ఇంకొక మాట "నిరీక్షణ". దానికి పిల్లలు చెప్పిన అర్థం వెయిటింగ్.

ఇక్కడ మాకు కొంచెం వెనక్కి వెళ్ళక తప్పలేదు. బైబిలును తెలుగులోకి తేవటానికి రెండు వందల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ విశాఖపట్నం చేరారు. వారికి ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన పండితుడు తోడయ్యాడు. ఆ కృషి ఫలితంగా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. పూర్తి బైబిలు రావటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. వాడుక భాషలో రాయాలా వద్దా అని గిడుగు వారి కాలంలో జరిగిన వాదాలకు చాలా ముందే ఆ భాషకు ఒక గ్రాంథిక ముద్ర పడిపోయింది. చర్చిలో ఆ భాష అలాగే నిలిచింది. అందుకే సమాధానము అంటే అక్కడ శాంతి, రాజీ, క్షేమం. నిరీక్షణ అంటే ఆశతో కూడిన ఎదురుచూపు. పాత అర్థం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కోపంగా ఉన్నవాడిని సమాధానపరిచాం అని ఇప్పటికీ అంటాం కదా. అనుమానం వచ్చినప్పుడు చూడటానికి బ్రౌను నిఘంటువు ఉండనే ఉంది. కడప పిల్లలకు ఆ పేరు వినగానే తమ ఊళ్ళోని బ్రౌను గ్రంథాలయం గుర్తుకు వచ్చి ముఖాలు వెలిగాయి.

అసలు హీబ్రూలో ఆ చోట ఉన్న మాట షాలోమ్. మన చుట్టూ రోజూ వినిపించే అరబ్బీ సలామ్‌కు దగ్గర చుట్టం. అదే షాలోమ్ ఆ అధ్యాయం 7వ వచనంలోనూ వస్తుంది. తెలుగు అనువాదకులు అక్కడ "క్షేమము" అన్నారు, ఇక్కడ "సమాధానకరమైన" అన్నారు. రెండూ సరైన మాటలే. కాని వేర్వేరు మాటలు కావటం వలన ఆ రెండు వచనాల మధ్య ఉన్న దారం తెలుగు పాఠకుడికి కనిపించదు. ఆ దారం ఈ ఉత్తరానికి ప్రాణం. దాని గురించి కాస్త ఆగి మాట్లాడుకుందాం.

దీనికి ఎదురుగా, తెలుగులో స్పష్టంగా కనిపించి ఇంగ్లీషులో దాగిపోయేది ఒకటుంది. ఫోనులో ఇంగ్లీషు వచనం చదివిన పిల్లలందరూ, దేవుడు నాతో చెబుతున్నాడు, నా గురించి చెబుతున్నాడు అన్నారు. తెలుగులో చదివిన ఒక అమ్మాయి మాత్రం, "ఇక్కడ మిమ్మును అని ఉంది, నిన్ను అని లేదు" అన్నది. ఇంగ్లీషులో యూ అంటే ఒకరూ కావచ్చు, వందమందీ కావచ్చు. మన భాషలో నీవు వేరు, మీరు వేరు. మర్యాద కోసం ఒక్కరినీ మీరు అంటాం గదా అని ఇంకొకరు అడ్డం వచ్చారు. మంచి ప్రశ్న. ఆ అనువాదంలో రాజునైనా, దేవుడినైనా నీవు అనే పిలుస్తారు. మర్యాద బహువచనం అక్కడ లేదు. కాబట్టి ఈ మీరు ఒక గుంపు. ఎవరా గుంపు అన్నది తేలాలంటే ఒక్క వచనం చాలదు.

ఒక మాట చెప్పాలి. ఈ అంకెలు మూలగ్రంథంలో లేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో, ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు 16వ శతాబ్దంలో వచ్చాయి. చోటు వెతుక్కోవటానికి ఎంత ఉపయోగమో, ముక్కలు కోసుకుని తీసుకుపోవటానికీ అంతే సౌకర్యం. క్యాలెండర్లు పుట్టింది ఆ సౌకర్యం నుండే.

ఉత్తరం మొత్తం

29వ అధ్యాయం మొదటి నుండి చదివితే అది ఒక ఉత్తరమని తెలుస్తుంది. యెరూషలేములో ఉన్న యిర్మీయా, బబులోనుకు చెరగా తీసుకుపోబడినవారికి రాశాడు. తీసుకువెళ్ళినవారి పేర్లు కూడా ఉన్నాయి, ఎలాశా, గెమర్యా. వారు రాజుగారి పని మీద బబులోను వెళుతున్నారు. ఊరికి వెళ్ళేవారి చేతికి ఉత్తరమో, పచ్చడి సీసానో, బంగారు గొలుసో ఇచ్చి పంపటం మన కువైట్ వారికి కొత్తగా చెప్పాలా?

అందులో ఏముంది? ఇళ్ళు కట్టుకోండి, వాటిలో కాపురం ఉండండి. తోటలు నాటండి, వాటి పండ్లు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, వారికీ పిల్లలు పుట్టాలి. మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. మీకు నచ్చే కలలు చెప్పే ప్రవక్తల మాట వినకండి. బబులోనుకు 70 ఏళ్ళు నిండాక మిమ్మల్ని తిరిగి తీసుకువస్తాను. ఇదంతా అయ్యాకనే మన క్యాలెండరు వచనం వస్తుంది. హీబ్రూలో అది "కీ" అనే చిన్న మాటతో మొదలవుతుంది, ఎందుకంటే అని అర్థం. అంటే ఆ వచనం తనంతట తాను నిలబడినది కాదు, పైన చెప్పిన 70 ఏళ్ళకు అది వివరణ.

పిల్లలు గమనించిన మరొక సంగతి మాకే ఆశ్చర్యం కలిగించింది. మొదటి వచనం ప్రకారం వీరిని చెరగా తీసుకుపోయింది నెబుకద్నెజరు రాజు. నాలుగవ వచనంలో దేవుడు, మిమ్మల్ని పంపింది నేను అంటాడు. ఒకే సంఘటనకు ఇద్దరు కర్తలు. ఎవరు కరెక్టు అని అడిగారు. రాసినవాడు రెండింటినీ కావాలనే పక్కపక్కన పెట్టాడు, తొందరపడి ఒకదాన్ని తుడిచేయకండి అని మాత్రమే చెప్పాం.

ఇప్పుడు వెనుక పేజీ. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. దేవాలయంలో, అందరూ వింటుండగా, రెండేళ్ళలో రాజు తిరిగి వస్తాడు, గుడి పాత్రలు తిరిగి వస్తాయి, బందీలందరూ తిరిగి వస్తారు అని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద ఉన్న కొయ్య కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఒకాయన రెండేళ్ళు అంటున్నాడు, ఒకాయన డెబ్బై ఏళ్ళు అంటున్నాడు. ఇద్దరూ దేవుడి పేరే చెబుతున్నారు.

రెండేళ్ళు అనే మాట వినగానే తరగతిలో వెనుక కూర్చున్న పెద్దలు కొందరు ఒకరినొకరు చూసుకున్నారు. కువైట్‌లో ఇరవై ఏళ్ళ నుండి ఉన్నవారిని ఎవరినైనా అడగండి, ఇంకో రెండేళ్ళు చేసి వెళ్ళిపోదాం అనుకుంటున్నాం అంటారు. మొదటి రెండేళ్ళు అప్పు తీరటానికి, తరువాతి రెండేళ్ళు ఊళ్ళో ఇంటి స్లాబుకు, తరువాతి రెండేళ్ళు అమ్మాయి ఇంటరుకు. సామాను అట్టపెట్టెల్లోనే ఉంటుంది. మంచి పరుపు కొనరు, వెళ్ళిపోయేవాళ్ళం కదా అని. పిల్లలను తెలుగు తరగతికి పంపటమూ వాయిదానే, ఊరికి వెళ్ళాక ఎలాగూ వస్తుంది కదా అని.

ఇక లెక్క చేయించాం. బబులోను రాజుల దినచర్యను రాసిన మట్టిపలకలు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది, యెరూషలేము పట్టుబడిన రోజును కూడా ఇస్తుంది. అది క్రీ.పూ. 597 మార్చి. పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచింది 539లో. తీసివేస్తే 58 వస్తుంది, 70 రాదు. పిల్లలు ఉత్సాహపడ్డారు. బబులోను పెత్తనం మొదలైన 605 నుండి లెక్కిస్తే 66. గుడి కాలిపోయిన 586 నుండి, దాన్ని తిరిగి కట్టి పూర్తిచేసిన 516 వరకు లెక్కిస్తే సరిగ్గా 70. మనిషి ఆయుష్షుకు 70 అనే అంకెను బైబిలులోనే మరొకచోట, 90వ కీర్తనలో వాడారు కాబట్టి ఇది ఒక జీవితకాలం అనే అర్థంలో చెప్పిన గుండ్రని సంఖ్య అనేవారూ ఉన్నారు. ఉత్తరంలో ఉన్నది బబులోనుకు 70 ఏళ్ళు అని, మీకు 70 ఏళ్ళు అని కాదు. ఎక్కడి నుండి లెక్కపెట్టాలో అందులో రాయలేదు. గమనించటం ఎక్కడ ఆగుతుందో, గ్రహించటం ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్క అంకె దగ్గర పిల్లలకు బాగా తెలిసింది.

అందరూ అంకెల గొడవలో ఉండగా ఒక అమ్మాయి వేరే లెక్క వేసింది. చెరపట్టినవారిలో కమ్మరులు ఉన్నారని ఉత్తరం చెబుతుంది. ముప్ఫై ఏళ్ళ కమ్మరి ఒకడు 597లో వెళితే, 539 నాటికి వాడికి 88. "అంకుల్, అయితే ఈ ఉత్తరం అందుకున్నవాళ్ళలో చాలామంది ఊరికి వెళ్ళకుండానే చనిపోయారా?"

అవును. క్యాలెండరు వచనం మొదట విన్నవారిలో ఎక్కువమంది విషయంలో అది వారి బ్రతుకులో జరగలేదు. వారి మనుమల విషయంలో జరిగింది. మిమ్మును అనే ఆ బహువచనంలో పుట్టబోయే మనుమలు కూడా ఉన్నారు. పెళ్ళిళ్ళు చేయండి, వారికి పిల్లలు పుట్టాలి అని పైన ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. ఆ రోజు తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వాళ్ళు నిజంగా ఇళ్ళు కట్టుకున్నారా

ఉత్తరం పంపితే సరా, అందుకున్నవారు ఏం చేశారు అన్నది తరువాతి ప్రశ్న. బైబిలులోనే జవాబు కొంత దొరుకుతుంది. చెరలో ఉన్న యెహెజ్కేలు తన ఇంట్లో కూర్చుని ఉండగా యూదా పెద్దలు అతని ఎదుట కూర్చున్నారని 8వ అధ్యాయం మొదట్లో ఉంది. అంటే ఇల్లు ఉంది. దానికి భిన్నమైన గొంతు 137వ కీర్తనలో వినిపిస్తుంది. సితారాలను చెట్లకు తగిలించి, పరాయి నేల మీద మా పాటలు ఎలా పాడతాం అని ఏడ్చినవారూ వారిలోనే ఉన్నారు. ఆ కీర్తన చివరలోని శాపం వినటానికి కష్టంగా ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేసి చదువుతారు. మేము వదలలేదు. బాధపడ్డవాడి కోపం కూడా పుస్తకంలో ఉంది కాబట్టి చదవాల్సిందే.

బైబిలు బయట కూడా సాక్ష్యం ఉంది. జర్మనీకి చెందిన రాబర్ట్ కోల్డెవే 1899 నుండి 1917 వరకు బబులోను శిథిలాలు తవ్వించాడు. అక్కడ దొరికిన పలకల్లో కొన్ని రాజుగారి కొట్టు లెక్కలు, ఎవరికి ఎంత నూనె ఇచ్చారని. క్రీ.పూ. 592 ప్రాంతపు పలకలో యూదా రాజైన యెకొన్యా పేరు, అతని అయిదుగురు కొడుకుల ప్రస్తావన ఉన్నాయి. ఈ పలకలను వైడ్నర్ 1939లో ప్రచురించాడు. నూనె రేషను పద్దులో ఒక రాజు! ఇంకా కింది తరాలవారి సంగతి అల్-యహూదు పలకలలో ఉంది. వీటిలో వందకు పైగా పలకలు కలిపి 2014లో పుస్తకంగా వచ్చాయి. యూదా పల్లె అని అర్థం వచ్చే ఊరు ఒకటి బబులోను దేశంలోనే వెలసింది. అక్కడివారు పొలాలు దున్నారు, పన్నులు కట్టారు, అప్పులు ఇచ్చి పుచ్చుకున్నారు. ఇళ్ళు కట్టుకుని తోటలు నాటుకున్నారన్నమాట.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగింది కాదు. బబులోను శిథిలాలు ఇరాక్‌లో, బాగ్దాద్‌కు దక్షిణాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో హిల్లా పట్టణం దగ్గర ఉన్నాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనకు ఎదురుగా సముద్రంలో ఉన్న ఫైలకా ద్వీపంలో నెబుకద్నెజరు పేరు చెక్కిన రాయి దొరికింది. కొన్నేళ్ళ క్రితం మన జాబ్రియాలోనే ఉన్న తారిఖ్ రజబ్ వారి కాలిగ్రఫీ మ్యూజియానికి పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు, అరబ్బీ రాతల ముందు నిలబడి ఎంత బాగుందో అన్నారు, కాని ఒక్క మాట చదవలేకపోయారు. 1990లో ఇరాక్ ఆక్రమణ నాడు ఆ కుటుంబం మ్యూజియం నేలమాళిగ దారికి అడ్డంగా గోడ కట్టి ఆ సంపదను కాపాడుకున్నదని వారికి చెప్పాం. అందంగా కనిపించి అర్థం కాని పుస్తకం మన ఇళ్ళలోనూ ఉంది. దానికి ఎవరూ గోడ కట్టలేదు, చదవకపోవటం వలన గోడ దానంతట అదే లేచింది.

మనకు వర్తిస్తుందా

అన్వయం దగ్గరకు వచ్చేసరికి అందరికీ తొందర. రాయచోటి నాన్నగారు చెయ్యి ఎత్తింది ఇక్కడే. "అంటే సార్, ఇక్కడే ఉండిపొమ్మని చెప్తాండాడా ఆయన?" అన్నారు. వెంటనే ఇంకొక తల్లి, "కాదండీ, తీసుకెళ్ళిపోతానని కూడా రాశాడు కదండీ" అన్నారు. ఆవిడది అమలాపురం వైపు. అరగంట ఇద్దరూ వాదించుకున్నారు. ఇద్దరూ వచనాల నంబర్లు చెబుతూ వాదించుకున్నారన్నది మాకు సంతోషం.

మా అభిప్రాయం ఇది. మన పరిస్థితి వారిది కాదు. వారిని సైన్యం పట్టుకుపోయింది. మనం వీసా కోసం డబ్బు కట్టి, మంచి రోజు చూసుకుని విమానం ఎక్కాం. వారికి తిరుగు ప్రయాణం లేదు. మనకు సెలవు ఉంది, విమానం ఉంది, ఊళ్ళో ఇల్లు ఉంది. ఇక్కడ మనకు ఇల్లు కొనుక్కునే వీలు సాధారణంగా ఉండదు, ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది. కాబట్టి ఇళ్ళు కట్టుకోండి అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చి మన తల మీద పెట్టుకోలేం. ఊరికి వెళ్ళాలా వద్దా అనే నిర్ణయం ఆ ఉత్తరంలో లేదు. ఉందని ఎవరైనా చెబితే, అది ఆ ఉత్తరం చెప్పే మాట కాదు, చెప్పేవారి మాట.

అయితే మనదాకా వచ్చేదేమీ లేదా? ఆ దారం సంగతి ఇక్కడ అందుకుందాం. ఉన్న ఊరి క్షేమంలో మీ క్షేమం ఉందన్నప్పుడు వాడిన మాటే, మీకు క్షేమం తలపెట్టాను అన్నప్పుడూ వాడాడు. ఊరిని పక్కన పెట్టి నా ఒక్కడి మేలు అనే అర్థం ఆ ఉత్తరంలో నిలబడదు. తాత్కాలికంగా ఉన్న చోట కూడా ఉన్నన్నాళ్ళు పూర్తిగా ఉండటం, పొరుగువాడి మంచి మన మంచి అని చూసుకోవటం, ఇవి చెరపట్టబడినవారికి మాత్రమే పనికివచ్చే మాటలు కావు. మరొకటి హనన్యా విషయం. త్వరగా, సులభంగా, నీకు నచ్చినట్టే జరుగుతుందని దేవుడి పేరు మీద చెప్పేవాడు దొరికితే ఒక పేజీ వెనక్కి, ఒక పేజీ ముందుకు తిప్పి చూడాలి. వచనం చూపించి చిట్టీ కట్టించుకునేవారు, ఊళ్ళో స్థలం అమ్మేవారు, వీసా తప్పక వస్తుందని ప్రార్థన చేసి కవరు అందుకునేవారు మన మధ్య లేకపోలేదు. ఇంటి పనిలో ఉన్న ఒక అక్క ఆరు నెలల జీతం అలా పోగొట్టుకున్న సంగతి మాకు తెలుసు. ఆమెకు చూపించినదీ ఈ వచనమే. పై వచనం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు, ఆమెకు చదువు రాదు.

ఆపరేషనుకు వెళ్ళేవారికి ఆ వచనం పంపవద్దా అని కొందరు అడిగారు. పంపండి. ధైర్యం చెప్పటంలో తప్పేముంది? ఉత్తరం మొత్తం చదివినవారు పంపే తీరు వేరుగా ఉంటుంది, అంతే. అంతా రేపే బాగైపోతుందని అనరు. పక్కన కూర్చుంటారు, కంచంలో అన్నం పెడతారు, ఎన్నాళ్ళు పట్టినా ఉంటామంటారు.

టర్ము చివర పిల్లలను ఆ ఉత్తరానికి జవాబు రాయమన్నాం. నిజానికి అసలు ఉత్తరానికి జవాబు వచ్చింది. షెమయా అనే ఆయన బబులోను నుండి, చాలాకాలం పడుతుంది, ఇళ్ళు కట్టుకోండి అని రాసిన ఈ యిర్మీయాను ఎందుకు శిక్షించలేదని యెరూషలేములోని యాజకుడికి ఫిర్యాదు రాశాడు. ఆ యాజకుడు దాన్ని యిర్మీయాకే చదివి వినిపించాడు. అది కూడా 29వ అధ్యాయంలోనే ఉంది, క్యాలెండర్లలో మాత్రం ఉండదు. మా పిల్లలు రాసిన జవాబుల్లో కోపం ఉన్నవి రెండు, ధన్యవాదాలు చెప్పినవి నాలుగు. బాల్కనీలో కుండీలో పెట్టిన కరివేపాకు మొక్క మూడు వేసవులు తట్టుకుందని, అమ్మ దాన్ని వదిలి ఊరికి ఎలా వెళ్ళాలో అని దిగులుపడుతున్నదని ఒక అబ్బాయి రాశాడు. అచ్చుతప్పులు దిద్దకుండా ఉంచేశాం.

వచ్చే టర్మ్‌కు ఫిలేమోనుకు రాసిన పత్రిక తీసుకుంటున్నాం. ఒకే అధ్యాయం, 25 వచనాలు, ఒక్క కూర్చోవటంలో అయిపోతుంది. ఒనేసిము అనే దాసుడి గురించి అతని యజమానికి పౌలు రాసిన ఉత్తరం అది. ఒనేసిము యజమాని ఇంటి నుండి పారిపోయాడని అందరూ చెబుతారు. ఆ మాట ఆ 25 వచనాల్లో ఎక్కడైనా ఉందో లేదో మొదటి శుక్రవారం పిల్లలే వెతకాలి. తల్లిదండ్రులు ముందుగా చెప్పేయకుండా ఉంటే చాలు. వెనుక బెంచీలు ఖాళీగానే ఉంటాయి, కూర్చోవాలనుకునేవారు మీ పుస్తకం మీరే తెచ్చుకోండి.